అడుగు బస్తా

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ పొద్దున రాజోలు పక్కన మన చేలో, నేల అడుగున చమురుందేమోనని వెతికే సర్వేవాళ్ళు గొయ్యి తవ్వి మందు పేల్చారు. దూరంగా పెట్టిన యంత్రాలు ఆ పేలుడు అదురు తమదాకా ఎంతసేపట్లో వచ్చిందో గీతలుగా గీశాయి.

"లోతుకెళ్ళేకొద్దీ అదురు జోరుగా పరిగెడుతుందండీ. పై బరువుకి ఇసుక రేణువులు గట్టిగా అదుముకుంటాయి కదా!" అన్నారు ఇంజనీరుగారు.

ఏడాదిగా నీ ఊసెత్తని నాన్నగారు, "ఆయ్! మావాడు ధాన్యం బస్తాలతో ఇదే చూపించేవాడండీ," అన్నారు.

కాలేజీ సెలవుల్లో నువ్వు నాన్నగారిచేత కొట్లో ఒకదానిమీదొకటి పేర్చిన బస్తాలను కర్రతో తట్టించి, అవతలివైపు చెవి ఆనించేవాడివి. పై బస్తాలో చప్పుడు మధ్యలోనే అణిగిపోయేది. అన్ని బస్తాల బరువూ మోసే అడుగు బస్తాలో మాత్రం స్పష్టంగా వినిపించేది. నువ్వు ఊరుకోకుండా, "ఇంకోసారి తట్టండి, నాన్నగారూ!" అనేవాడివి.

సాయంత్రం నాన్నగారు కర్ర పట్టుకుని ధాన్యం కొట్లోకి వెళ్ళారు. వంగి అడుగు బస్తాను తట్టి, కాసేపు ఆగారు. అవతల ఎవరూ లేరు.

నేను వెళ్ళి నీ చోట కూర్చున్నాను. ఆయన మళ్ళీ తట్టారు.

"వినబడిందా అమ్మా?"

చాలా బాగా వినబడింది, అన్నయ్యా. అయినా అన్నాను:

"ఇంకోసారి తట్టండి, నాన్నగారూ."

నీ చెల్లి