జాకీకి రెండే ఇంజెక్షన్లు

6 ఫిబ్రవరి 2025, గురువారం

మా అమ్మాయి ఫెబాకి మగపిల్లాడు పుట్టాడు! పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి! స్తోత్రం, స్తోత్రం! గుంటూరు ఆస్పత్రి వరండాలో నేను గంతులేస్తుంటే నర్సమ్మ వచ్చి, తాతా, కిందపడితే నీకూ ఒక బెడ్ వెయ్యాలి అని కసిరింది. వెయ్యమ్మా, నా మనవడి పక్కనే వెయ్యి అన్నాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళ నోట్లో కూడా లడ్డూలు కుక్కాను. అల్లుడు ప్రసన్నకుమార్ గోడ వైపు తిరిగి ఏడ్చాడు. వాళ్ళ నాన్న ఏసుపాదం బావగారు నన్ను పట్టుకుని ఎముకలు విరిగేలా నొక్కేశాడు. ఇన్నేళ్ళలో పిల్లలు లేరని ఆ ఇంట్లో మా పిల్లని ఒక్క మాట అనలేదు. నా వియ్యంకుడు అడిగితే తల కోసి ఇస్తాను.

9 ఫిబ్రవరి

కళ్లంలో రక్తపాతం. మిరపకాయలు తిరగేస్తున్నాం. రోడ్డు మీంచి ఒక బక్క కుక్క చొంగ కార్చుకుంటూ వచ్చి, పట్టా మీద పడుకున్న మా పెంపుడు కుక్క జాకీ మెడ పట్టుకుంది. మొరుగుడు లేదు, గుర్రు లేదు, పట్టడమే. రెండూ దొర్లుతుంటే ఆరబోసిన కాయలన్నీ చెల్లాచెదురు. జాకీ చెవి సగం తెగి వేలాడింది. కూలీలు పారలతో బాదితే ఆ పిచ్చిది చచ్చింది. చచ్చినా పళ్ళు వదల్లేదు. పార దూర్చి దవడ విప్పారు.

మండలం పశువుల ఆస్పత్రికి ఆటోలో వేసుకెళ్ళాను. డాక్టరు బిందుమాధవి గారు దగ్గరుండి గాయం సబ్బుతో చాలాసేపు కడిగించారు. ఐదు ఇంజెక్షన్లు పెద్దాయనా, తేదీ తప్పితే ఊరుకోను అన్నారు. మొదటిది వేశారు.

12 ఫిబ్రవరి

జాకీకి రెండో ఇంజెక్షన్. మనవడి ముక్కు అచ్చం నాదే.

15 ఫిబ్రవరి

మనవణ్ణి చూడటానికి బావగారు కనిగిరి నుంచి వచ్చాడు. జాకీ సంగతి విని పంచె ఎగ్గట్టాడు. ఆయన పసరు వైద్యం ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. కుక్కల్నీ పిల్లుల్నీ సంచుల్లో వేసుకుని వస్తారు. పైసా పుచ్చుకోడు.

సూది పడిన ఒంట్లో పసరు పారదు, ఇక సూదులు ఆపెయ్ బావా అన్నాడు. జాకీ నోట్లో మొదటి పసరు పోసి, ఇనప సీకు ఎర్రగా కాల్చి నుదుటి మీద వాత పెట్టాడు. కాళ్ళు పట్టుకున్నది నేనే. బొచ్చు మాడిన వాసన, మాంసం మాడిన వాసన. జాకీ ఒంటికీ రెంటికీ నా మీదే వెళ్ళింది. మా ఆవిడ ప్రేమమ్మ గడపలో నిలబడి, నీ వియ్యంకుణ్ణి మెప్పిస్తున్నావు సరే, కుక్కని అడిగావా అంది.

మా పిల్లని ఒక్క మాట అనని మనిషి. నీ వైద్యం నాకొద్దని ఏ మొహంతో అంటాను?

16 ఫిబ్రవరి

మూడో ఇంజెక్షన్ తేదీ. వెళ్ళలేదు.

16 మార్చి, ఆదివారం

పిల్లాణ్ణి చర్చిలో దేవుడికి ప్రతిష్ఠ చేశాం! పాస్టరు గారు ప్రార్థన చేసి సామ్యేల్ అని పేరు పెట్టారు. రెండు పొట్టేళ్ళు కోశాం. చుట్టాలందరూ వచ్చారు. జాకీ భేషుగ్గా ఉంది, అందరి చేతుల్లోంచీ ఎముకలు లాక్కుంది. బావగారు అందరి ముందూ దాని నోరు ఉత్తచేత్తో తెరిచి ఆఖరి పసరు పోశాడు. వేలికి పన్ను గీరుకుంటే పంచెకి తుడుచుకుని, చూడండర్రా, ఐదు సూదులన్నారు, ఏదీ పిచ్చి అన్నాడు. జాకీ వెళ్ళి పిల్లాడి మూతి నాకింది. అందరం నవ్వాం. ఫోటో కూడా తీశాను. ఇంత సంతోషం నా జన్మలో ఎరగను.

19 మార్చి, మధ్యాహ్నం



ఫెబా కాళ్ళు చాపుకుని పిల్లాడికి నీళ్ళు పోస్తోంది. మంచం కింద నుంచి జాకీ వచ్చి బకెట్ అంచు కొరికింది. ప్లాస్టిక్ పగిలింది, దాని చిగుళ్ళు చీలాయి, అయినా కొరుకుతూనే ఉంది. ప్రేమమ్మ మరిగే నీళ్ళ కాగు దాని మీద కుమ్మరించింది. కుయ్యిమనలేదు. పిల్లాడి మీదికి దూకబోతే ప్రసన్నకుమార్ మోచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక దాకా దిగింది. నేను గడ్డపార తీసుకున్నాను. వెనక్కాళ్ళు విరిగాయి. ముందుకాళ్ళతో పాక్కుంటూ మళ్ళీ పిల్లాడి వైపే. దెబ్బకీ దెబ్బకీ మధ్య తోక ఊపింది. తల నలగ్గొట్టొద్దు మామయ్యా, తల పరీక్షకి పంపాలి అని అల్లుడు రక్తం కారుతుండగానే అరిచాడు. మెడ మీద వేశాను.

డాక్టరమ్మ గ్లవుజులు తొడుక్కుని వచ్చారు. మూడో ఇంజెక్షన్ ఏమైంది పెద్దాయనా అని అడిగారు.  ప్రేమమ్మే చెప్పింది. డాక్టరమ్మ తిట్టలేదు. దీని చొంగ ఎవరెవరికి తగిలిందో అందర్నీ పెద్దాస్పత్రికి పంపండి, ఈ రోజే అన్నారు.

22 మార్చి

జాకీది పిచ్చే. రిపోర్టు వచ్చింది.

కానీ స్తోత్రం! పంతొమ్మిది సాయంత్రమే ఇంట్లో అందరం గుంటూరులో సూదులు పొడిపించుకున్నాం. ఈ రోజు రెండోది. వేళకి వచ్చారు, కోర్సు మొత్తం పూర్తి చేస్తే భయం లేదు అన్నారు అక్కడి డాక్టర్లు. సూది పడగానే నా మనవడు వార్డు దద్దరిల్లేలా ఏడ్చాడు. ఎంత గొంతో నా బంగారానికి! మళ్ళీ గంతేశాను.

బావగారికి ఫోన్ చేస్తే మండిపడ్డాడు. నీ గడ్డపారతో కుక్కని చంపి నా పసరు మీద నెడతావా, నేను సూది పొడిపించుకుంటే ఇన్నేళ్ళ నా మాట ఏం కావాలి, పసరు తాగాను, అది చాలు, ఫోన్ పెట్టెయ్ అన్నాడు. ఆ గీరుకున్న వేలు నా కళ్ళ ముందే ఆడుతోంది. ఫెబా నా చేతిలో ఫోన్ లాక్కుని, నాన్నా, నా కాపురం సంగతి నేను చూసుకుంటా, నువ్వు మర్యాదలు మానేసి మా మామయ్యని బతికించు అంది.

23 మార్చి, పొద్దున్నే

సూది పొడిపించుకోమని ఇంకా చెప్పాల్సిన వాళ్ళు:

తమ్ముడు మోషే, సింగరాయకొండ. ప్రతిష్ఠ రోజు జాకీకి చేత్తో ఎముక పెట్టాడు.

చెల్లెలు సువార్తమ్మ. జాకీని ఒళ్ళో పెట్టుకుంది. మిరపకాయలు కోసి కోసి చేతి నిండా గాట్లు.

సువార్తమ్మ కోడలు. నెల తప్పిందట. అయినా పొడిపించుకోవచ్చట, పొడిపించుకోవాలట.

ఏసుపాదం బావగారు. ఫోన్‌లో కాదు. నేనూ, మోషే, ప్రసన్నకుమారూ కారు కట్టించుకుని వెళ్ళాలి. కాళ్ళు పట్టుకోవాలి. వినకపోతే అవే కాళ్ళు కట్టి కారులో వెయ్యాలి. మోకు తీసుకెళ్ళాలి.