ఆఖరి పేజీ చదివాకే కట్టాను

శారదా,

ఎలా ఉన్నావు? అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలైంది. నేను బాగానే ఉన్నాను. బీపీ మాత్ర మరవడం లేదు.

ఒక సంగతి చెప్పాలి. ఈ ఉదయం అహ్మదాబాద్‌కు విమానం టికెట్ తీశాను. నేనే తీశాను. ఎవరి సాయమూ అడగలేదు.

నవ్వుతున్నావా?

మనం ఎక్కిన ఏ విమానానికీ నేను టికెట్ తీసింది లేదు. సత్తెనపల్లి పోస్టాఫీసు కౌంటర్లో రోజంతా జనంతో వేగి, నరసరావుపేటలో బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని నువ్వే ఫోను పట్టుకుని కూర్చునేదానివి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే నేను నీ పక్కన కూర్చుని వినాలి. అదే నా పని. ఒక్కో పేజీ పైకి చదువుతూ, వాళ్ళు ముందే పెట్టి ఉంచిన టిక్కులు తీసేస్తూ పోయేదానివి. బీమా వద్దు. భోజనం వద్దు. సీటు ఎంచుకోవడం వద్దు...

"కిటికీ సీటుకు వేరే డబ్బులేందండీ? విమానం మొత్తం ఒకేసారి దిగుద్ది గదా!"

ఆఖరి పేజీలో కార్డు అని నొక్కగానే మొత్తం కాస్త పెరిగేది. దానితోపాటు నీ గొంతు కూడా.

"కార్డు మనది, డబ్బు మనది, నొక్కే వేలు మనది. దానికి మళ్ళీ ఫీజా? చోద్యం కాకపోతే ఏంది!"

వెనక్కి వచ్చి యూపీఐ నొక్కేదానివి. అందులో ఫీజు తగ్గితే సరే. తగ్గకపోతే ఆ కంపెనీనే వదిలేసి ఇంకోటి చూసేదానివి. ఈ కాస్త దానికి ఇంతసేపా అని నేను నసిగేవాణ్ణి. నువ్వు తల ఎత్తకుండానే అనేదానివి...

"మీరు ఆవర్తన పట్టిక చూసుకోండి. నన్ను ఆఖరి పేజీ చూసుకోనీండి."

మన వీధిలో సగం మందికి నువ్వే టికెట్లు తీసిపెట్టావు. ఒక్కరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఇప్పుడు ఆదివారం ఒకరు గోంగూర పప్పు పంపుతారు, మంగళవారం ఇంకొకరు పెరుగు తెచ్చిపెడతారు. అది నాకోసం కాదని నాకు తెలుసు. అయినా తింటున్నాను.

అహ్మదాబాద్ ఎందుకో నీకు వేరే చెప్పాలా? కమల వదిన కోసం. బావగారి పత్తి వ్యాపారం కోసం అంత దూరం వెళ్ళిన మీ అక్క, మోకాళ్ళ నొప్పులతో రాలేక నిన్ను ఆఖరుసారి ఫోనులోనే చూసింది. అప్పటినుంచి నన్ను రమ్మంటోంది. నీ చివరి రోజులు ఎలా గడిచాయో నా నోట వినాలట. వచ్చే నెలలో ఆమెకు మోకాళ్ళ ఆపరేషన్. ఆ లోపు రమ్మని నిన్న మళ్ళీ ఫోను చేసింది.

ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదు?

నాలుగుసార్లు నా ఫోనులో టికెట్ తీయబోయాను. ప్రయాణికులు ఎందరు అన్న చోట ఆగిపోయేవాణ్ణి. మనం ఎప్పుడూ రెండే నొక్కాం. ఒకటి నొక్కడానికి వేలు రాలేదు. ఫీజులు మరీ ఎక్కువగా ఉన్నాయి, తగ్గాక వస్తానని వదినకు చెప్పాను. నీ మాటను మీ అక్క దగ్గరే అడ్డం పెట్టుకున్నాను. తప్పే.

ఈ ఉదయం, నా పేరూ వయసూ అన్నీ నీ ఖాతాలోనే దాచిపెట్టావని గుర్తొచ్చింది. అందులోకి వెళ్దామని నీ నంబరు కొట్టాను. దానికి ఓటీపీ వస్తుంది కదా...

వంటింట్లో ఫ్రిజ్ మీద నీ ఫోను మోగింది.

అది ఇంకా అక్కడే ఉంది. చార్జింగ్ పెడుతున్నాను. నెలనెలా రీచార్జి కూడా చేయిస్తున్నాను. ఎవరూ మాట్లాడని ఫోనుకు రీచార్జి ఏందండీ అని నువ్వు తిట్టేదానివే. నాకూ దండగగానే అనిపించేది. అయినా ఆపలేకపోయాను. దాంట్లోకి ప్రకటనలు వస్తూనే ఉంటాయి, నేను చూడను. ఈ ఒక్కటి మాత్రం నాకోసం వచ్చింది.

ఖాతా తెరుచుకుంది. ఒకటి నొక్కాను. బీమా తీసేశాను. భోజనం తీసేశాను. సీటు వాళ్ళ ఇష్టానికి వదిలేశాను. ఆఖరి పేజీ పైకి చదివాను. వినడానికి పక్కన ఎవరూ లేరు, అయినా చదివాను. కార్డు నొక్కితే మొత్తం పెరిగింది. యూపీఐ నొక్కితే కాస్త తగ్గింది. దాని కింద ఇంకొక వరుస ఉంది. ఆ కంపెనీ వాలెట్. దానికి ఫీజే లేదు.

అందులో డబ్బుంది.

నిరుడు మనిద్దరికీ అహ్మదాబాద్ టికెట్లు తీశావు. వెళ్ళాల్సిన వారంలో గుంటూరు ఆసుపత్రిలో చేరాం. నువ్వు మంచం మీద నుంచే వాటిని రద్దు చేశావు. డబ్బు వెనక్కి వస్తుందా అని నేను అడిగాను, గుర్తుందా?

"బ్యాంకులో పడితే ఇంటి ఖర్చులో కలిసిపోద్ది. అక్కడే ఉండనీండి, అక్క దగ్గరికి పోవడానికి ఉంటది. ముందు మీరు ఆ బత్తాయి రసం తాగండి."

అక్కడే అంటే ఎక్కడో నాకు అర్థం కాలేదు. మందుల మత్తులో అంటున్నావనుకున్నాను. బత్తాయి రసం మాత్రం తాగాను.

ఇద్దరికి కట్టిన డబ్బులో వాళ్ళ కోత పోగా మిగిలింది, ఒక్కడికి రానుపోను సరిపోయింది. ఆ డబ్బుకు గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

ఒక్కరికే సరిపోతుందని నీకు అప్పుడే తెలుసా, శారదా?

ఆఖరి పేజీ ఇంకోసారి పైకి చదివాను. తర్వాత కట్టేశాను. ఎవరికీ ఒక్క రూపాయి ఫీజు ఇవ్వలేదు. వదినకు ఫోను చేసి గురువారం వస్తున్నానని చెప్పాను. ఏం తేవాలని అడిగాను. ఒక్క కారప్పొడి చాలంది.

బుధవారం మధ్యాహ్నం హైదరాబాద్ బస్సు, పిడుగురాళ్ల మీదుగా. ఆ పొద్దున్నే సంచీ పట్టుకెళ్ళి, నువ్వు తూయించినట్టే పత్తి కొట్టులో కాటా మీద తూయిస్తాను. ఏడు కిలోలు దాటితే విమానంలో సంచీకీ ఫీజే, దాటనివ్వను. వదినకని నువ్వు కొని ఉంచిన మంగళగిరి చీర అడుగున పెట్టాను.

మీ అక్క అడిగినవన్నీ చెప్తాను. ఏదీ దాచను. బత్తాయి రసం సంగతి కూడా చెప్తాను.

నీకు కృతజ్ఞతలు చెప్పడం మన ఇంట్లో అలవాటు లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చానా మేలు చేశావు.

నీ ఫోను రీచార్జి మాత్రం ఆపను. ఈ ఒక్క దండగ నాకు వదిలేయి.

నీ
రామ్మోహన్