కడిగేసిన ఆకులు

మేడం గారికి నమస్కారం.

ఏడేళ్ల క్రితం ల్యాబులో చేరిన కొత్తలో, మీరు వాగులో నానబెట్టి తెచ్చిన ఆకులకు జిగురుగా మురికి పట్టిందనుకుని బ్రష్షుతో రుద్ది కడిగేశాను. ఆ జిగురే ఆకుల్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులని నాకేం తెలుసు? మీరు తిట్టలేదు. "ఇవి కూడా వాగు పురుగులకు వేసి చూద్దాం" అన్నారు. జిగురున్న ఆకులను ఈనెలు తేలేదాకా తిన్న పురుగులు, నేను కడిగినవాటి జోలికే రాలేదు. సూక్ష్మజీవులు ముందు మెత్తబరిస్తేనే అవి తింటాయని మీరు చెప్పారు. నా ఉద్యోగం ఎలా నిలిచిందో మాత్రం చెప్పలేదు.

నిన్న కొత్తగా చేరినావిడ కూడా ఆకులు కడిగేసింది. డైరెక్టరు గారు మండిపడుతుంటే ఆవిడ ముఖం చూడలేక, "నేనే కడగమన్నానండీ" అనేశాను. ఆయన నవ్వేశారు.

"అప్పుడు నువ్వు కడిగేసినప్పుడు మీ మేడం కూడా నాతో అచ్చం ఇదే అన్నారమ్మా."

మీకు వెయ్యి దండాలు మేడం.

మీ ఆకులు కడిగినామె