కాటా మీద బండి

ప్రియమైన అమ్మకి,

ఈ స్పోర్ట్స్ హాస్టల్లో మా ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలోకి వెళ్లిపోయాయి, అందుకే ఈ ఉత్తరం. పార్సిల్ ఆఫీసులో తూకం వేసేదానివి కదా, ముందు బరువు సంగతే చెప్తాను. నా బండిని, అదే ఈ బీఎంఎక్స్ రేసు సైకిల్ని, ఇక్కడి కాటాకి వేలాడదీస్తే పన్నెండు కిలోలు తూగింది. ఎప్పుడూ ముందుండే సీనియర్ అక్క బండి తొమ్మిదిన్నర. పందెం మొదట్లో చక్రాల ముందున్న గేటు కిందికి పడగానే ఎనిమిది మందిమీ ఒక్కసారే దూకుతాం. మొదటి గుట్ట ఎక్కేసరికి నాకు అందరి వీపులూ కనిపిస్తుంటాయి. సెలక్షన్ పందెం దగ్గర పడుతోంది. అందులో వెనకబడితే ఇక్కడ ఉండనివ్వరు.

విన్యాసాల కోసం చక్రాలకి బిగించుకున్న ఇనుప గొట్టాలు విప్పేశాను. సీటు కూడా తీసేశాను. ఈ ఆటంతా నిలబడే తొక్కాలి, దిండంత సీటు ఎందుకన్నారు కోచ్ గారు. అవన్నీ ఈ పార్సిల్లోనే పంపుతున్నాను. నాన్నకి చెప్పి తేలికపాటి హ్యాండిల్, చిన్న సీటు చూడమను. ఒళ్లు హూనమవుతోంది కానీ బాగానే ఉన్నాను.

నీ పిడుగు


నా పిడుగుకి,

పార్సిల్ నా కౌంటరుకే వచ్చింది. ఇచ్చేదాన్నీ నేనే, పుచ్చుకున్నట్టు సంతకం పెట్టేదాన్నీ నేనే. మీ నాన్న ఆదివారమంతా హ్యాండిల్ కోసం కొట్లు గాలించాడు. చూపించిన ప్రతిదాన్నీ చేత్తో ఎత్తి చూసి, "ఇంకా తేలికది లేదా?" అంటుంటే కొట్టతను విసిగిపోయి, "గాలి ఇమ్మంటారా సార్?" అన్నాడట. మొత్తానికి సాధించుకొచ్చాడు.

నేను సాయంత్రం షిఫ్టుకి కూడా ఒప్పుకున్నాను. నీ బండికి ఇంకా చాలా కావాలి కదా. కౌంటర్ దగ్గర కుర్చీ వేయరు, ఇంటికొచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయి. అది చూసి మీ నాన్న ఏం చేశాడో తెలుసా? నువ్వు పంపిన దిండు సీటుని ఒక గొట్టానికి బిగించి, కింద ఇనుప పళ్లెం అతికించి, ఆఫీసుకి మోసుకొచ్చాడు. మేనేజర్ చూసి, "బండి ఎక్కడికమ్మా?" అని నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు దాని మీద కూర్చునే తూకం వేస్తున్నాను.

వేళకి తింటున్నావా? ఆ ముక్క రాయలేదు.

అమ్మ


ప్రియమైన అమ్మకి,

హ్యాండిల్, చిన్న సీటు, తర్వాతి పార్సిల్లో వచ్చిన సన్న టైర్లు, లోపల బోలుగా ఉన్న పెడల్ కడ్డీలు, అన్నీ బిగించాను. పాతవి తిరిగి పంపుతున్నాను. కానీ అమ్మా, ఇంకా బరువుగానే ఉంది. సీటు గొట్టంలో లోపలికి దిగే ముక్క కొంత రంపంతో కోసేశాను. పెడళ్లకి డ్రిల్లుతో చిల్లులు పెడితే కోచ్ గారు చూసి, "ఏంటమ్మా, టీ వడగడతావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జుట్టు కత్తిరించుకున్నాను. కోప్పడకు, మళ్లీ పెరుగుతుంది. జెర్సీ వదులై గాలికి కొట్టుకుంటోంది, దాన్నీ ఇందులోనే పెట్టాను, రెండు పక్కలా లోపలికి కుట్టి పంపు. ఇంకా తేలికైన చక్రాలు దొరుకుతాయేమో చూడమని నాన్నకి చెప్పు. ఇదే ఆఖరు, మళ్లీ అడగను.

నీ పిడుగు


పిడుగూ,

చక్రాలు పంపుతున్నాం. జెర్సీ మాత్రం కుట్టలేదు, అలాగే పంపుతున్నాను. నువ్వు వెళ్లేముందు ఒంటికి పట్టేలా కుట్టింది నేనే కదా. గుడ్డ సాగలేదు, నా కుట్టూ ఊడలేదు.

ఇంకో సంగతి. నువ్వు తిప్పి పంపినవీ మేం పంపినవీ ఎప్పటికప్పుడు తూచుకుంటూనే ఉన్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది? నా లెక్కన నీ బండి ఆ సీనియర్ అక్క బండి కంటే ఎప్పుడో తేలికైపోయింది. మరి ఇంకా బరువుగా ఉన్నదేంటి? ఈ కౌంటర్ ముందుకొచ్చి, "ఏమీ లేదండీ, బట్టలే" అంటూ మోయలేని పెట్టెలు పెట్టేవాళ్లు రోజూ వస్తారు. నేను వాళ్లతో గొడవపడను. పెట్టె తెరవమంటాను, అంతే. నువ్వూ తెరువు తల్లీ. లోపల ఏమున్నా ఫర్వాలేదు.

అమ్మ


ప్రియమైన అమ్మకి,

తెరుస్తున్నాను.

మీ చక్రాలు రాకముందే బండిని కాటాకి వేలాడదీశాను. తొమ్మిది కూడా లేదు. హాస్టల్ మొత్తానికి నాదే తేలిక. ముల్లు చూడగానే సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది. ఇక బండికి వంక పెట్టడానికి లేదు. దాంట్లోంచి తీయడానికి ఏమీ మిగలక నాలోంచి తీయడం మొదలుపెట్టాను. రాత్రి భోజనం మానేశాను. మొన్న గేటు దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. మోచేయి గీసుకుపోయింది, అంతే, భయపడకు.

అమ్మా, నేను అలిసిపోయాను. పడుకుని లేస్తే పోయే అలసట కాదిది. పొద్దున్నే కోచ్ గారి ఈల వినిపిస్తే దుప్పటి మొహం మీదకి లాక్కుంటున్నాను. నీ సాయంత్రం షిఫ్టు, నాన్న ఆదివారాలు గుర్తొచ్చి ఇదంతా దాచాను. "బండి బరువు" అని రాయడం తేలికనిపించింది. కొత్త చక్రాలు పెట్టె విప్పకుండానే తిరిగి పంపుతున్నాను. సెలక్షన్ వచ్చే వారం. తొక్కమంటే తొక్కుతాను. నువ్వే చెప్పు.

నీ పిడుగు


నా చిట్టి తల్లికి,

నీ ఉత్తరం చదివి మీ నాన్న కొత్త చక్రాల పెట్టె విప్పాడు. తర్వాత నువ్వు పంపిన సామానంతా హాల్లో నేల మీద పరిచాడు. ముందు హ్యాండిల్, వెనకా ముందూ చక్రాలు, వాటి చుట్టూ పాత టైర్లు, కింద పెడల్ కడ్డీలు. మధ్యలో ఫ్రేము ఉండాల్సిన చోటంతా ఖాళీ. ఇద్దరం తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నాం. నిన్న నేను తట్టుకుని పడబోతే, "జాగ్రత్త, గీతలు పడతాయి" అన్నాడు. నాకు కాదు, చక్రానికి.

కోచ్ గారికి ఫోన్ చేశాను. "తీసుకెళ్లండమ్మా, ఆ పిల్లని చూస్తే నాకే భయమేస్తోంది" అన్నారు. వచ్చే ఏడు మళ్లీ సెలక్షన్ ఉంటుందట. అప్పుడు తొక్కుతావో మానేస్తావో నన్ను అడగకు, నేను చెప్పను. ముందు కడుపునిండా తిను, కంటినిండా నిద్రపో. సాయంత్రం షిఫ్టు మానేశాను. నీ కోసమేం కాదు, నా కాళ్ల కోసం.

శనివారం మీ నాన్న వస్తున్నాడు. ఫ్రేము పార్సిల్ చేయకు, ఇద్దరూ కలిసి మోసుకురండి. నీ దిండు సీటు ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చేశాను. ఇప్పుడు దాని మీద కూర్చునే రాస్తున్నాను. నువ్వు గుమ్మంలోకి రాగానే లేచి ఇస్తాను.

అమ్మ