నాగుల చవితి మర్నాడు

అమ్మకి, ఆశ దండాలు.

జాలారిపేటలో నేనూ పిన్నీ బాగున్నాం. అక్కడ గుజరాత్ వెరావల్‌లో నువ్వూ, అన్నయ్యా, వదినా, నీ ఒళ్లో చేరిన బుజ్జిగాడూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు మాట మార్చేస్తావు. అందుకే ఉత్తరం.

"తేదీలు సూపించడానికి కూడా జీతమిత్తారేటే?" అని మొన్న ఫోన్లో వెక్కిరించావు. ఇస్తారమ్మా. ఏ పడవ ఏ రోజు వేటకెళ్లిందో చూపించే యాప్ మాది. అందులో తేదీ ఎలా కనబడాలన్నది నా పని. రోజు, నెల, ఏడాది వరసగా పెట్టి మురిసిపోయాను. వేటకెళ్లే మన సూరన్న మామకి చూపిస్తే మొహం చిట్లించాడు.

"ఈ అంకెలు నానేటి సేసుకోనే? పాడ్యమో పంచమో సెప్పు. సముద్రం పోటు సంగతి నాకు తెలిసిపోద్ది" అన్నాడు.

దాంతో తేదీని నొక్కితే తిథి కనబడేలా మార్చాను. మామ ఇప్పుడు ఆ యాప్ తనే చేసినట్టు పేటంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

తిథులు చూస్తుంటే నీ చేపల గంపే గుర్తొస్తోంది. వానైనా ఎండైనా గోపాలపట్నం బజారుకి వెళ్లాల్సిందే. నాగుల చవితి మర్నాడు మాత్రం "తలనొప్పే, నన్నొగ్గేయండి" అని గోడవైపు తిరిగి పడుకునేదానివి. ముందురోజు ఉపవాసం వల్లేమో అనుకునేవాళ్లం. అన్నయ్య వంకాయ కాల్చి పచ్చడి చేసేవాడు. మాడిపోయిందని నవ్వుకుంటూ తినేవాళ్లం. ఆ పచ్చడి ఇప్పటికీ తినాలనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఏదో ఒక పాత తేదీ ఇవ్వాలి. నేను నాన్న తేదీ ఇచ్చాను. నా రెండో తరగతిలో, బాలల దినోత్సవానికి బళ్లో నాకిచ్చిన గులాబీని జేబులో పెట్టుకుని, మర్నాడు తెల్లారే వేటకెళ్లి తిరిగిరాని నాన్న. నవంబరు పదిహేను. ఏటా ఆ తేదీకి నేను చాటుగా ఏడ్చేదాన్ని. నువ్వేమో మామూలుగా గంపెత్తుకుని వెళ్లిపోయేదానివి. నీకు గుర్తే లేదని కోపం వచ్చేది.

తేదీని నొక్కాను. కార్తీక శుద్ధ పంచమి అని వచ్చింది. ఆ ఏడు బాలల దినోత్సవం, నాగుల చవితి ఒక్క రోజే పడ్డాయని నాకేం తెలుసు?

అమ్మా, నువ్వు గోడవైపు తిరిగి ఏడుస్తుంటే మేం పచ్చడి తింటూ నవ్వుకున్నాం.

ఈసారి చవితి మర్నాటికి సెలవు అడిగాను. ఎందుకని అడిగితే తలనొప్పి అన్నాను. "ఇంకా నెల్లాళ్లుంది, ముందే ఎలా తెలిసింది?" అని మా మేనేజరు ఇంద్రజ గారు నవ్వారు. వెరావల్‌కి టికెట్ కొనేశాను. గోడ పక్కన నాక్కూడా కాస్త చోటు ఉంచు.

ఇట్లు,
నీ కూతురు ఆశ