మైకులో చెప్పిన రాణి కథ

ఆగస్టు 5
నీకు తల్లి ఏడుపు కావాలి. తల్లి అక్కర్లేదు. — ఈ పేజీ నేను తప్ప ఎవరూ చదవరు. అంటే నాకే చెప్పుకుంటున్నాను.

ఆదివారం పటాన్‌చెరులో మా కార్మిక సంఘం సభ. గుమ్మడిదల దగ్గరి మందుల కంపెనీలో రియాక్టర్ పేలి కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న సాయమ్మ వేదిక మీద, నా పక్కనే. నేను మైకు పట్టుకుని గ్రీకు రాణి నియోబీ కథ ఎత్తుకున్నాను. ఇంతమంది బిడ్డల తల్లినని మురిసింది, దేవత కన్నా నేనే గొప్ప అంది. దేవతలు బాణాలేసి బిడ్డలందరినీ చంపారు. ఏడ్చి ఏడ్చి రాయైంది. ఆ రాయి ఇప్పటికీ కన్నీరు కారుస్తుందట. "మన నియోబీ సాయమ్మే!" చప్పట్లు. వెనక ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో, కింద 'ఏడ్చే రాయి'. ఆ మాటా నాదే.

ఇవాళ సాయమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఆడబిడ్డ అనసూయ ఎత్తింది. "మా వదిన శుక్రవారం రాదంట మేడం." — ఎందుకు? "మీరే చెప్పిండ్రు గద మైకుల."

ఏం చెప్పాను?

ఆగస్టు 6
శుక్రవారం సంగారెడ్డిలో పేలుడు మీద విచారణ. వాల్వు లీకవుతోందన్నా సూపర్‌వైజర్ పని ఆపనివ్వలేదని కొడుకులు అన్నం తింటూ చెప్పింది విన్నది సాయమ్మ ఒక్కతే. ఆమె రాకపోతే కంపెనీ పాట ఒక్కటే మిగులుతుంది — కార్మికుల అజాగ్రత్త.

ఆగస్టు 7
వాళ్లింటికి వెళ్లాను. సాయమ్మ మనవరాలికి ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తోంది. "ఘాటు రాలే. సూసినవా అమ్మా, ఎంత దిష్టో."

తర్వాత తనే... "పోరగాండ్లు పర్మనెంట్ అయిన్రని వాడకట్టంత లడ్డూలు పంచిన. మా అసొంటోళ్లు ఎవరున్నరు అన్న. దిష్టి తగుల్తదని అందరు అన్నరు, నేనే ఇనకపోతి. గా రాణి గూడ గట్లనే మురిసిందంటివి. ఇగ కంపెనోన్ని ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

నేనేం చేశాను? వాదించాను. అక్కడ కూడా ఉపన్యాసమే — తల్లుల నోరు మూయించడానికి అల్లిన కథ అది, అబద్ధం...

"మొన్న నిజమంటివి, ఇయ్యాల అబద్దమంటివి. మైకుల చెప్పింది ఇంట్ల ఎనకకు తీసుకుంటవా?"

అనసూయ చాయ్ ఇస్తూ, "గా దేవుండ్లకు బాణాలన్న కావాల్సొచ్చె మేడం. మా సూపర్‌వైజర్‌కు గవి గూడ వద్దాయె."

సాయమ్మ నవ్వలేదు. నేను నవ్వాను. ఛీ.

ఆ రాణి మిగిల్చింది రాయి కాదు. బిడ్డలు చస్తే ముందు తల్లి నోటిని తప్పుపట్టే అలవాటు. అది ఈ ఊళ్లో ముందే ఉంది. నేను దానికి మైకు పెట్టాను.

రేపు ముందు కంపెనీ గేటు దగ్గర సభ, తర్వాత విచారణ. "వదినను అడిగి సూస్త" అంది అనసూయ, అంతే. రాసుకున్న ఉపన్యాసం చించేశాను. ఇవే చదువుతాను —

ఆ ఫ్లెక్సీ దించాలి. నేనే దించాలి.
మైకులో అన్నది మైకులోనే వెనక్కి తీసుకోవాలి.
వాల్వు లీకని చెప్పినా పని ఎందుకు ఆపలేదో కంపెనీ చెప్పాలి.
లడ్డూలు పంచడం నేరం కాదని సభలో ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి.
ముందు వరసలో సాయమ్మకు కుర్చీ వేయాలి. రాకపోయినా తీయకూడదు.