ఐదో తీగ

నారాయణఖేడ్, 2011 నవంబర్, ఆదివారం రాత్రి

హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఐదు తీగల బేస్ గిటార్‌ను ఇవాళ చర్చిలో మొదటిసారి వాయించాను. మా దగ్గర పాట ఎత్తుకునేది మరియమ్మ అవ్వే. ఆమె గొంతు ఎంత కిందికి దిగితే మేమూ అంత కిందికి దిగాల్సిందే. నాలుగు తీగలతో అందుకోలేకే, దుకాణంలో ఉన్నవన్నీ వాయించి చూసి, అన్నిటికన్నా కింది స్వరం పలికే ఈ లావు ఐదో తీగ కోసం దీన్ని ఎంచుకున్నాను. పాటంతా అది నా ఎదలో మోగుతూనే ఉంది.

ప్రార్థన అయ్యాక అవ్వ దగ్గరికొచ్చింది. "ఏంది బిడ్డా, ఇయ్యాల నువ్వు వాయించలె? పానం మంచిగ లేదా?"

చర్చిలోని ఆ డబ్బా స్పీకర్ అంత కింది స్వరాన్ని పలకనే లేదు. గిటార్‌ను ఎదకు ఆనించుకున్న నాకొక్కడికే వినిపించింది.

ఇప్పుడు గదిలో వైరు తగిలించకుండానే వాయిస్తున్నాను. అచ్చం చర్చిలో లాగే ఉంది.